పదకొండు పెళ్ళిళ్ళ పెలాజియా

మా దీవిలో పెళ్ళి కుదిరిందంటే పెళ్ళికూతురి గౌను కంటే ముందు తేలాల్సిన సంగతి ఒకటుంది: నినాంగ్ ఎవరు? చర్చిలో జంట పక్కన తల్లి లెక్కన నిలబడి సాక్షి సంతకం పెట్టే పెద్దావిడే నినాంగ్. సంతకం ఎవరైనా పెడతారు. ఆ తర్వాత ఆ కాపురం మంచీ చెడ్డా చచ్చేదాకా నెత్తిన వేసుకోవాలి, అది అందరి వల్లా అయ్యే పని కాదు. పెలాజియా వల్ల అయ్యేది. ముప్ఫై ఏళ్ళలో పదకొండు జంటలకి ఆవిడ నినాంగ్ అయింది, పదకొండు కాపురాలూ నిలబడ్డాయి. అందుకే పిల్లకి పెళ్ళీడు రాకముందే తల్లులు వచ్చి ఆవిడ చెవిన ఓ మాట వేసి పోయేవారు.

చేసేది ఎండుచేపల పని. తెల్లారి పడవలు రాగానే చేపలు కొని, వీపు చీల్చి, ఉప్పునీళ్ళలో ఊరేసి, వెదురు తడికల మీద ఎండేసేది. మొగుడి పేరు క్రిసాంతో. పెళ్ళయిన ఆరో ఏట తుఫానులో పోయాడు. పడవ వెనక్కొచ్చింది, మనిషి రాలేదు. పిల్లల్లేరు. "నాకు పిల్లల్లేకపోవడమేమిటే, ఇరవై ఇద్దరు!" అని పదకొండు జంటల్నీ కలిపి చెప్పి నవ్వేది. నవ్వేదే గానీ, సాయంత్రం తలుపేసుకున్నాక ఆ ఇంట్లో మాట్లాడేది రేడియో ఒక్కటే.

ఆవిడకో పద్ధతి ఉండేది. ఏ పిల్లయినా మొగుడి చేతి దెబ్బలు తిని ఏడుస్తూ వస్తే, ముందు కూర్చోబెట్టి, అల్లం దండిగా వేసి కోడితో బియ్యపు జావ కాచేది. అది కాగేలోపు మొగుడికి కబురెళ్ళేది. వాడొచ్చాక చెడామడా తిట్టి, "నీ మొహానికి పెళ్ళాం ఒకత్తి!" అని గడ్డిపెట్టి, మోకాళ్ళ మీద కూర్చోబెట్టి తప్పయిందనిపించేది. చివరికి జావ ఒకే గిన్నెలో పోసి, రెండు చెంచాలు వేసి ఇద్దరి మధ్యా పెట్టేది. గిన్నె ఖాళీ అయితే తగువు తీరినట్టే. పిల్లని మొగుడి వెంట పంపేసి ఆ గిన్నె కడుక్కుంటుంటే ఆవిడకి ఎంత తృప్తిగా ఉండేదో! పెలాజియా గిన్నెలో తిన్న జంట విడిపోదని ఊళ్ళో ఓ మాట కూడా పుట్టింది. ఇంటికెళ్ళాక ఆ పిల్లకి ఏమైందని ఎవరడిగారు కనక? ఊరంతటికీ నోళ్ళున్నాయి, ఒక్కరూ అడగలేదు.

మూడేళ్ళ కిందట రొదోరా అని, మా ఊళ్ళో పురుళ్ళు పోసే నర్సు, గ్రామ సంఘంలో ఆడవాళ్ళ గోడు వినే పని కూడా ఆవిడదే, ఆడవాళ్ళని పోగేసి కావలి దండు పెట్టింది. పద్నాలుగు మంది. తలా ఒక ఊదారంగు చొక్కా, మెడలో ఈల. ఏ ఇంట్లోంచి దెబ్బల చప్పుడు వినిపించినా ఈల ఊదాలి. విన్నవాళ్ళంతా ఊదుకుంటూ ఆ ఇంటి ముందు చేరాలి. ఆ ఆడమనిషి ఎక్కడికి వెళ్తానంటే అక్కడికి తోడు వెళ్ళాలి.

"ఒకటి మాత్రం గుర్తుపెట్టుకోండి," అంది రొదోరా మొదటి రోజునే. "మనం రాజీలు కుదర్చం. ఇద్దర్నీ కూర్చోబెట్టి మాట్లాడించం. చట్టమే వద్దంది. గ్రామపెద్దకి కూడా ఆ అధికారం లేదు."

"మరి మన పెలాజియా జావ సంగతో?" అంది వెనకనించి ఎవరో. అందరూ పగలబడి నవ్వారు.

పెలాజియా కూడా నవ్వింది. "నా జావ మీ చట్టం కంటే పాతది లేవే," అంది. చొక్కా తీసుకుంది, ఈల మెళ్ళో వేసుకుంది. పరాయి జంటల ఇళ్ళ ముందు గుండెలవిసేలా ఊదింది కూడా. తన పదకొండు ఇళ్ళ జోలికి మాత్రం ఆ ఈల పోలేదు. అవి తన ఇళ్ళు, వాటికి తానుంది. ఇంటింటా మట్టిపొయ్యే కదా అనుకుంది.

పదకొండో జంట జెర్విన్, జెమాలిన్. జెర్విన్ తల్లి తెయోదొరా. తెయోదొరా అంటే పెలాజియాకి పక్కిల్లూ, ప్రాణమూ. నలభై ఏళ్ళుగా ఇద్దరూ ఎదురెదురుగా పీటలేసుకుని చేపలు చీల్చేవారు, చర్చిలో ఒకే బల్ల మీద కూర్చునేవారు. జెర్విన్ పెళ్ళికి నినాంగ్ అయ్యాక ఒకరినొకరు 'మారే' అని పిలుచుకోవడం మొదలెట్టారు. ఒక బిడ్డని పంచుకున్న తల్లుల పిలుపది. తెయోదొరా మొగుడు బాల్డొ పాత పడవ సరంగు, మంచి పాటగాడు, ఏ పండగైనా ఆయన గొంతు లేకుండా గడిచేది కాదు.

జెమాలిన్ పక్క దీవి పిల్ల. మొదటిసారి పెదవి చిట్లి వచ్చింది. రెండోసారి కడుపుతో, ఆ కడుపు మీదే దెబ్బతో వచ్చింది. మూడోసారి చంకలో బిడ్డతో వచ్చింది, మెడ మీద అయిదు వేళ్ళూ నల్లగా అచ్చుపడి ఉన్నాయి.

"ఈసారి నేను వెళ్ళను నినాంగ్," అంది.

"వెళ్ళక ఎక్కడుంటావు దాయ్?" అంది పెలాజియా. చిన్నవాళ్ళని మేం అలాగే పిలుస్తాం.

"ఇక్కడే. మీతో ఉంటా. చేపలు చీలుస్తా."

ఆ మాటకి పెలాజియా ఒళ్ళు ఝల్లుమంది. ఇంట్లో ఇంకో మనిషి! పాకే బిడ్డ! పొద్దున్నే పొయ్యి దగ్గర ఇంకో గొంతు! ఎంత ఆశ పుట్టిందంటే, పుట్టినందుకు వెంటనే సిగ్గుపడింది. తన ఒంటరితనం కోసం ఓ కాపురం కూలుస్తానా, నినాంగ్‌ని అయ్యుండి? అలా అనుకుని, పొయ్యి వెలిగించి, జెర్విన్‌కి కబురంపింది.

జెర్విన్ ఏడ్చాడు. మోకాళ్ళ మీద కూర్చుని వెక్కివెక్కి ఏడ్చాడు. తెయోదొరా కూడా వచ్చి, నేల చూపులు చూస్తూ మూలన కూర్చుంది. జెమాలిన్ రెండు చెంచాలు తిని చెంచా పక్కన పెట్టేసింది. మిగతాదంతా జెర్విన్ తిన్నాడు. గిన్నె ఖాళీ అయింది కదా, అయింది.

"ఈ ఒక్కసారికి నా మాట విను దాయ్," అని పెలాజియా ఆ పిల్ల జుట్టు సరిచేసి పంపింది.

ఎనిమిదో రోజు మధ్యాహ్నం, చేపలు తిరగేస్తుంటే, జెమాలిన్ వాళ్ళ ఇంటివైపు నించి అరుపులు వినిపించాయి. జెర్విన్ గొంతు, తర్వాత ఏదో పగిలిన చప్పుడు, తర్వాత బిడ్డ ఏడుపు. ఈల మెళ్ళోనే ఉంది. పెలాజియా చెయ్యి దాని మీదకి పోలేదు. లోపలికెళ్ళి బియ్యం కడిగింది. అల్లం దంచింది. పిల్ల ఇప్పుడొస్తుంది, వచ్చేసరికి వేడిగా ఉండాలి. అదే ఆలోచన, ఇంకోటి రాలేదు.

కాసేపటికి దారిలో పరుగు వినిపించింది. పెలాజియా గబగబా వెళ్ళి గేటు తెరిచింది. జెమాలిన్ వస్తోంది, చంకలో బిడ్డ, రెండో చెయ్యి మోచేతి కింద వంకరగా వేలాడుతోంది. గేటు దగ్గరికొచ్చింది. పెలాజియా కళ్ళలోకి చూసింది. ఆగలేదు. అదే పరుగున గేటు దాటి, ఇల్లు దాటి, తడికలు దాటి గ్రామ సంఘం ఆఫీసు వైపు వెళ్ళిపోయింది.

ఇంకెవరో ఈల ఊదారు. ఆ తర్వాత ఇంకో ఈల, ఇంకోటి. వాడకట్టంతా ఈలలే. పెలాజియా తెరిచిన గేటు పట్టుకుని అలాగే నిలబడింది. లోపల జావ అడుగంటిన వాసన వచ్చేదాకా కదల్లేదు. నలుగురిలో తలకొట్టేసినట్టయింది అనాలి గానీ అక్కడ నలుగురు లేరు, ఆవిడొక్కతే ఉంది.

చెయ్యి రెండు చోట్ల విరిగింది. గ్రామపెద్ద ఆ సాయంత్రమే కాగితం రాసిచ్చాడు: పదిహేను రోజులు జెర్విన్ ఆ ఇంటి ఛాయలకి రాకూడదు. జెర్విన్ తల్లి దగ్గరికి చేరాడు. ఈలోగా జెమాలిన్ పట్నం కోర్టుకి వెళ్ళి పెద్ద ఉత్తర్వు తెచ్చుకోవాలి. లేకపోతే పదహారో రోజున జెమాలిన్ ఉన్న ఇంటి తలుపు జెర్విన్ మళ్ళీ తట్టొచ్చు.

మర్నాడు రొదోరా వచ్చింది. గడప దాటి లోపలికి రాలేదు.

"నాంగ్ పెలాజియా," అంది, మా వైపు పెద్దావిడల్ని పిలిచే పిలుపుతో. "ఇదే మొదటిసారంటున్నాడు జెర్విన్ లాయరు. జారి పడిందంటున్నాడు. అంతకు ముందు మూడుసార్లూ ఆ దెబ్బలు చూసింది మీరు."

"తెయోదొరా కూడా చూసింది."

"ఆవిడ చెప్తుందా?"

"చెప్పదు."

"మరి మీరు?"

పెలాజియా చేపలు చీల్చే కత్తి పీట మీద పెట్టింది. "చెప్తే నన్నేం అడుగుతారు?"

"చూసి ఏం చేశారని అడుగుతారు," అంది రొదోరా. "అడక్కుండా ఎలా ఉంటారు నాంగ్? నేనైనా అడుగుతా."

పొద్దు వాలాక తెయోదొరా వచ్చింది. ఉడకబెట్టిన చిలగడదుంపలు తెచ్చి బల్ల మీద పెట్టింది.

"కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుంది మారే," అంది. "మన ఇంటి సంగతి పట్నంలో చాటుకోవడం దేనికి? నువ్వొక్క మాటంటే చాలు. మొగుడూ పెళ్ళాల చిన్న తగువులు, నేనే సర్ది పంపాను, ఇద్దరూ ఒక గిన్నెలో తిని వెళ్ళారు అను. అబద్ధమా అది?"

అబద్ధం కాదు. పెలాజియా దుంపలు ముట్టుకోలేదు. "దాని మెడ చూశావు కదా నువ్వు?"

"వాడు నా కొడుకు," అంది తెయోదొరా. "నీకేం తెలుసు. నీకు లేరు."

నలభై ఏళ్ళలో ఆ మాట ఎప్పుడూ అనలేదు. అనేసి, దుంపలు బల్ల మీదే వదిలేసి లేచి వెళ్ళిపోయింది.

ఆ తర్వాత పదిరోజులూ పెలాజియా ఒక్కతే చేపలు చీల్చింది, ఒక్కతే తింది, ఒక్కతే ఆలోచించింది. ఎవర్ని అడుగుతుంది? ఇన్నాళ్ళూ అందరూ ఆవిణ్ణి అడిగేవాళ్ళే. చెప్తే తెయోదొరా పోతుంది, తనకున్నది ఆ మనిషొక్కతే. పెద్దరికమూ పోతుంది. చెప్పకపోతే జెమాలిన్‌ని నాలుగోసారి తనే వెనక్కి పంపినట్టు. ఎటు తిప్పి చూసినా మధ్యలో తన చేతులే కనిపించాయి, ఆ పిల్ల జుట్టు సరిచేసిన చేతులు.

పదమూడో రోజున పడవెక్కింది. చర్చికి కట్టుకునే బట్టలు వేసుకుంది. పడవలో జెమాలిన్ ముందు వరసలో, చెయ్యి కట్టుతో, రొదోరా పక్కన. పెలాజియా వెనక, ఇంజిను దగ్గర.

కోర్టులో జడ్జి ఒక ఆడమనిషి, కళ్ళజోడు ముక్కు చివరికి జారిపోయి ఉంది. పెలాజియా మూడుసార్లూ చూసింది చూసినట్టు చెప్పింది: పెదవి, కడుపు, మెడ. జెర్విన్ తరఫు లాయరు లేచాడు.

"వచ్చిన ప్రతిసారీ మీరే ఆమెని భర్తతో పంపారు కదమ్మా?"

"పంపాను."

"ప్రమాదం ఉందనిపిస్తే పంపేవారా? పెద్దవారు, పదకొండు జంటలకి నినాంగ్. అంటే అప్పుడు పెద్ద దెబ్బలేమీ కావన్నమాట."

అదిగో, తప్పించుకోడానికి చక్కటి దారి. తలూపితే చాలు. తన మర్యాదా, తెయోదొరా స్నేహమూ రెండూ దక్కుతాయి. తెయోదొరా గది వెనక కూర్చుని ఇటే చూస్తోంది.

"పెద్ద దెబ్బలే," అంది పెలాజియా. "మెడ మీద వేళ్ళ గుర్తులున్నాయి. వెళ్ళనని నాతో అంది. నా దగ్గర ఉంటానంది. తెలిసే పంపాను."

"తెలిసి ఎందుకు పంపారు?" ఈసారి అడిగింది జడ్జి.

"నా చేతి మీద జరిగిన పెళ్ళి ఒక్కటీ చెడలేదని పేరుందమ్మా నాకు. ఆ పేరు కోసం."

అనేసి కూర్చుంది. చెమటకి బట్టలు వీపుకి అతుక్కుపోయాయి. ఉత్తర్వు వచ్చింది: జెర్విన్ దగ్గరికి రాకూడదు, బిడ్డ తల్లి దగ్గరే. రొదోరా జెమాలిన్‌ని కావిలించుకుంది. తెయోదొరా కొడుకు భుజం పట్టుకుని బయటికి నడిపించుకుపోయింది, ఇటు తిరిగి చూడలేదు.

రేవు దగ్గర పెలాజియా ధైర్యం చేసి జెమాలిన్ దగ్గరికి వెళ్ళింది.

"నాకు ఖాళీ గది ఉంది దాయ్. ఆ రోజు అడిగావు. ఇప్పుడు రా. ఎన్నాళ్ళయినా ఉండు."

జెమాలిన్ బిడ్డని ఇటు నించి అటు మార్చుకుంది. కోపంగా ఏం లేదు ఆ పిల్ల మొహం, అలిసిపోయి ఉంది, అంతే.

"మీరు నిజం చెప్పారు నినాంగ్. మర్చిపోను. కానీ మీ ఇంటికి రాలేను. మీ గేటు చూస్తేనే నా కాళ్ళు పరుగందుకుంటాయి. మా అక్క దగ్గరికి పోతున్నా."

"సరే," అంది పెలాజియా. అడగాల్సిన రోజున ఆ పిల్ల అడిగింది. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం తనకే చెల్లింది.

ఇక ఊరు సంగతి చెప్పాలా? ఊరు ఎప్పటిలాగే ఊరు. రచ్చకెక్కిందని కొందరూ, ఇన్నాళ్ళూ ముసుగేసుకుని కూర్చుందని కొందరూ. వేసవిలో పెళ్ళి పెట్టుకున్న పిల్ల తల్లి, ఆర్నెల్ల ముందే ఈవిణ్ణి నినాంగ్‌గా ఖాయం చేసుకున్న మనిషి, వీధి మొదట్లో ఎదురుపడి, "మా మరిది పెళ్ళాం తనే నిలబడాలని మనసు పడింది నాంగ్, కాదనలేకపోయాను," అంది. పెలాజియాయే "పోన్లే, మంచిదే," అని ఆవిణ్ణి ఓదార్చి పంపింది. తెయోదొరా తన పీటా, కత్తీ ఎప్పుడు తీసుకుపోయిందో తెలీదు. చర్చిలో రెండు వరసలు వెనక్కి జరిగింది.

ఓ మిట్టమధ్యాహ్నం చెప్పాపెట్టకుండా వాన దిగింది. తడికలు లోపలికి లాగాలంటే ఇద్దరు మనుషులు కావాలి, నలభై ఏళ్ళుగా ఆ రెండో మనిషి పిలవకుండానే పరుగెత్తుకొచ్చేది. పెలాజియా అలవాటు కొద్దీ ఓ కొస ఎత్తి పట్టుకుని పక్కింటి వైపు చూసింది. కిటికీ వెనక తెయోదొరా నిలబడి ఉంది. కనిపిస్తూనే ఉంది. కదల్లేదు. పెలాజియా కొస వదిలేసి, చూరు కింద కూర్చుని, మూడు రోజుల చేపలూ తడిసి పాడైపోతుంటే చూస్తూ ఏడ్చింది. క్రిసాంతో పోయినప్పుడు కూడా అలా ఏడవలేదు. అప్పుడు పక్కన తెయోదొరా ఉంది.

ఆ ఏడుపు తర్వాతే ఆవిడకి ఓ సంగతి తోచింది. జెమాలిన్ ఒక్కతే కాదు కదా. మిగతా పది మంది?

మర్నాటి నించి బయల్దేరింది. రోజుకో ఇల్లు, మొగుడు వేటకెళ్ళిన వేళ చూసుకుని. చేతిలో ఏమీ లేదు. గుమ్మం ఎక్కి ఒకే మాట అడిగేది: "నేను నిన్ను వెనక్కి పంపాను. ఇంకా కొడుతున్నాడా?"

ఒకావిడ నవ్వేసి కాఫీ ఇచ్చింది, మాట మాత్రం ఇవ్వలేదు. ఒకావిడ, "తాగుడు మానాక బాగానే ఉన్నాడు నినాంగ్, ఒట్టు," అంది, అది నిజమేననిపించింది. ఇద్దరు తలుపు తియ్యలేదు. ఒకావిడ గడప మీద నిలబడి, "పద్దెనిమిదేళ్ళ తర్వాత అడగడానికి వచ్చారా? సిగ్గుండాలి," అని దులిపేసింది. పెలాజియా తలొంచుకుని అంతా విని, "నువ్వన్నది నిజమే," అని దిగి వచ్చింది. ఏడో ఇంట్లో నెనితా, పెలాజియా మెళ్ళో ఈల వైపు చూసి, "అది నాకిస్తారా?" అని మాత్రం అడిగింది. పెలాజియా అక్కడే తీసి ఇచ్చేసి, రొదోరాకి చెప్పి వచ్చింది.

పదో ఇల్లు అయ్యింది ఆదివారం నాడు. మగవాళ్ళంతా కోడిపందేలకి పోయారు. పెలాజియా కాళ్ళీడ్చుకుంటూ ఇంటికొస్తుంటే, తెయోదొరా తన మెట్ల మీద కూర్చుని ఉంది. తలొంచుకుని దాటిపోబోయింది పెలాజియా.

"అన్ని గుమ్మాలూ ఎక్కావట," అంది తెయోదొరా. అయిదు నెలల తర్వాత మొదటి మాట.

"ఎక్కాను."

"నాది ఎక్కలేదే?"

పెలాజియాకి అర్థం కాలేదు. "నీ పెళ్ళికి నేను నినాంగ్‌ని కాదు కదా మారే."

"కాకపోతే అడగవా? నలభై ఏళ్ళు నీ ఎదురుగా కూర్చున్నాను." తెయోదొరా గొంతు పెంచలేదు, చేపల ధర చెప్పినట్టు చెప్పింది. "జెర్విన్ పెళ్ళాన్ని కొట్టడం తల్లి కడుపులోనే నేర్చుకుని పుట్టాడనుకున్నావా? వాడు ఇంట్లో చూసిందే చేశాడు. రోజూ చూశాడు."

బాల్డొ! పండగల్లో పాడే బాల్డొ! పెలాజియా మెట్టు పక్కన కర్ర పట్టుకుంది. ఎండాకాలంలో కూడా తెయోదొరా ఎందుకు పొడుగు చేతుల చొక్కాలు వేసుకుంటుందో ఆ క్షణాన తెలిసింది.

"ఒక్కసారైనా నాతో ఎందుకు చెప్పలేదు?"

"చెప్తే ఏం చేసేదానివి?"

పెలాజియా చాలాసేపు ఆలోచించింది, అబద్ధం ఒక్కటైనా దొరుకుతుందేమోనని. దొరకలేదు.

"వెనక్కి పంపేదాన్ని," అంది.